చైను లేని సైకిలు

లాల్‌దర్వాజా,
19-1-1979, శుక్రవారం

అక్క చంద్రమ్మకు తమ్ముడు ఆగయ్య దండాలు. బావ కృష్ణయ్యకు సగం దండం, మిగతా సగం ఆయన కోపం దిగినాక.

గుట్ట మీద పడి విరిగిన జబ్బ ఎముక అతుక్కుంది. పోయిన వారం ఎముకలు కట్టే పహిల్వాన్ కట్టు విప్పి, చెయ్యి ఎత్తి చూపమన్నాడు. ఎత్తాను. "షాబాష్! ఇంగ పతంగి ఎగరేసుకో" అన్నాడు. పక్కన మా ఇంటిది లీలమ్మ ఊరుకుంటుందా? "పతంగి ఒక్కటే తక్కువుండె గీయనకు. నలభై ఆరేండ్లొచ్చినయ్, బుద్ధి మాత్రం లాగులేసుకున్నప్పటిదే" అంది. పహిల్వాన్ నవ్వి నవ్వి అతుక్కున్న జబ్బ మీదే ఒకటి చరిచాడు. ఆ నొప్పితోనే ఈ ఉత్తరం.

నీ ఒట్టు ఎక్కడ పెట్టావో అక్కడే ఉంది. కార్తీకంలో నువ్వొచ్చి, నా మంచి చెయ్యి పట్టి నీ నెత్తి మీద పెట్టుకుని, "ఇంగ గుట్ట మీద సైకిల్ తొక్కనని చెప్పు. తొక్కితివా, నీకు అక్క లేదనుకో" అన్నావు. చెప్పాను. చెప్పినవాడు ఎట్లా ఉన్నాడో ఒక్కసారైనా అడిగావా? నాది సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం. దినమంతా చక్రాల మధ్యనే కూర్చుంటాను. మిఠాయి దుకాణం వాడికి చక్కెర జబ్బు వచ్చినట్టుంది నా బతుకు.

అయినా శుక్రవారం వచ్చిందంటే కాళ్లు ఇంట్లో నిలవవు. పాతబస్తీలో దుకాణాలన్నీ బంద్. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఖాజా మియా, పాలు పోసే అంజన్న తెల్లారేసరికి మడ్‌గార్డులు, క్యారియర్లు ఊడదీసిన సైకిళ్లతో మా గల్లీలో తయారు. వాళ్లు తొక్కుకుంటూ పోతారు. నేను నా నల్ల సైకిలుకు నీళ్ల డబ్బా కట్టి, చేత్తో తోసుకుంటూ వెనకాల పోతాను. బర్రెను మేతకు తోలుకుపోయినట్టు. ఖాజా మియా జుమ్మా నమాజుకు అందేలోపల తిరిగొస్తాం. వాళ్లు చెమటతో, నేను దుమ్ముతో.

ఒక్కటి అడగాలి. నువ్వు మందమర్రికి పోయేటప్పుడు నీ ట్రంకు పెట్టెలో నేనొకటి పెట్టాను. చూశావా? చూసి ఉంటే ఈపాటికి తిట్లు రావాలి. మళ్లీ అడగను, నువ్వే రాయి.

నీ తమ్ముడు,
ఆగయ్య, కాలినడక


మందమర్రి,
2-2-1979

తమ్ముడు ఆగయ్యకు అక్క దీవించి రాసేది.

చెయ్యి బాగైందని చదివి దేవునికి దండం పెట్టుకున్నాను. గుట్టకు పోకుండా ఇంట్లో కూర్చోలేవా? సైకిలును తోసుకుపోవడం ఏంది? చూసేవాళ్లు నవ్వరా? అమ్మ పోయినప్పుడు నువ్వు నా చంకలో ఉన్నావు. నిన్ను దించినప్పటి నుంచి నువ్వు పడడమే, నేను లేపడమే. ఇప్పుడు నా నడుము వంగడం లేదు తమ్మీ.

పెట్టెలో నువ్వు పెట్టింది చూశాను. ఈ వయసులో నాకెందుకురా అది? పక్కింటివాళ్లకు ఇచ్చేశాను, వాళ్లకైనా పనికొస్తుంది. ఊరికే డబ్బులు పాడు చెయ్యకు.

బావకు రాత్రి డ్యూటీ పడింది. పగలు నిద్రపోతాడు, గిన్నె చప్పుడైనా కోపమే. నాకు కడుపులో ఒకటే నొప్పి, అజీర్తేమో. వాము తింటున్నాను. మా ఆడబిడ్డ సుందరమ్మ శివరాత్రికి షాద్‌నగర్ నుంచి వస్తానంది. అది వస్తే ఇంట్లో నాకు నోరు తెరిచే పని ఉండదు.

ఉంటాను,
చంద్రమ్మ


లాల్‌దర్వాజా,
16-2-1979

అక్కకు దండాలు.

ఇచ్చేశావా? సరే. పక్కింటివాళ్లు బాగుండాలి. వాళ్లు ఎవరో, దాన్ని ఏం చేసుకుంటున్నారో నేనడగను. నేను ఇచ్చింది నీకు, నువ్వు ఇచ్చింది వాళ్లకు, మధ్యలో నేనెవరిని?

దుకాణం నడక నాలాగే ఉంది. పిల్లగాళ్లకు ఇప్పుడు లూనా బండ్లు కావాలి. నా సైకిళ్లు అడిగేది ఇద్దరే, పెట్రోలు అయిపోయినవాడు, పెండ్లాంతో కొట్లాడి బయటికొచ్చినవాడు. రెండో రకం వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి అన్నం తింటున్నాం.

మీరంతా గుట్ట గుట్ట అని ఆడిపోసుకుంటారుగాని, అక్కా, ఆ దారి నువ్వు చూడనే లేదు. చెబుతా విను. మా దుకాణం వెనక కూలిపోయిన దేవిడీ, ఆ పాత నవాబు బంగళా ఉందిగదా, దాని గోడకు మనిషి పట్టేంత సందు. లోపలికి పోతే ఎవరికీ అక్కరలేని అంగణం, ఎండిన నీళ్ల హౌజు. సైకిళ్లను అవతలి గోడ దూకించామంటే నాలా గట్టు. గట్టు వెంట పోయి రైలు పట్టాల కింది మోరీలో వంగితే ఫలక్‌నుమా అవతలి రాళ్ల గుట్ట. రోడ్డు మీద బస్సులో పోయేవాడికి అటు గోడ, ఇటు గోడ. మధ్యలో మేము పోతున్నట్టు వాడికి తెల్వదు. ఇంత పెద్ద ఊరు నెత్తి మీద కూర్చుని ఉంటే, దాని చంకలోంచి దూరి పోయినట్టుంటుంది.

గుట్ట దిగే బాటలో ప్రతి మలుపుకు పేరుంది. ఒక బండ సన్నగా వంపు తిరిగి జారుడుగా ఉంటుంది, అది 'అత్త నడుము'. దాని కింద గులకరాళ్ల మెట్లు, అక్కడ ఖాజా మియావి రెండు పళ్లు రాలాయి కాబట్టి 'ఖాజా మియా పళ్లు'. ఆ కింద నేరుగా పోయే వాలుకు పేరు లేదు. అక్కడ పేరు పెట్టేంత తీరిక ఎవరికీ ఉండదు.

ఇప్పుడు నేను అదంతా నడిచి దిగుతున్నాను. పోయిన వారం పైన సీటు మీద కూర్చుని చూశాను. కాళ్లు నేల మీదే ఉన్నాయి, ఫికరు చెయ్యకు. గాలి మాత్రం తగిలింది.

ఆగయ్య


మందమర్రి,
12-3-1979

ఆగయ్యా,

దీవెనలు తరువాత. ముందు జవాబు చెప్పు.

సుందరమ్మ శివరాత్రికి ముందు శుక్రవారం రైల్లో వచ్చింది. ఫలక్‌నుమా రాకముందు కిటికీలోంచి నిన్ను చూసిందట. "వదినా, మీ తమ్ముడు గుట్ట మీదకెళ్లి సైకిల్‌తోని సర్రున దిగుతుండు, నన్ను జూసి టోపీ గూడ ఊపిండు" అని పదిమంది ముందు చెప్పింది. నేను, నడిపిస్తున్నాడేమో అన్నాను. "నడిపిచ్చెటోడు గంత సంబురంగ టోపీ ఊపుతడా?" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పావు. వేరేవాళ్ల నెత్తి అయితే నేను ఇంత అడగను. నీకు అన్నీ తమాషాలే. నా పెళ్లిలో మీ బావ చెవిలో, పిల్లకు చెవుడు, గట్టిగా మాట్లాడితేనే వినబడుతుందని ఊదావు. ఆయన మూడు రోజులు నా చెవిలో అరిచాడు. నేను, ఈ మనిషి ఇంత కోపిష్టా అని ఏడ్చాను. అది తమాషా. నవ్వి మరిచిపోయాను. ఇది తమాషా కాదు.

తొక్కావా, లేదా? ఒక్క మాట రాయి.

చంద్రమ్మ


లాల్‌దర్వాజా,
23-3-1979, శుక్రవారం

మందమర్రి మహారాణి చంద్రమ్మగారి సముఖానికి,

సుందరమ్మ కండ్లు చల్లగుండ. తొక్కాను. ఒక్క మాట అడిగావు, ఇగో ఒక్క మాట. ఇంక వద్దన్నా మిగతాది చదువు.

పొద్దు పొడవకముందే పైకెక్కాను. కిందంతా పొగమంచు, చార్మినారు నాలుగు వేళ్లే కనబడుతున్నాయి. ఖాజా మియా, "ఆగయ్య భాయ్, ఒట్టు?" అన్నాడు. "ఒట్టు మందమర్రిలో ఉంది, నేను ఇక్కడున్నాను" అని ఒక్క తొక్కు తొక్కాను. అంతే. ముందు చక్రం గులకలను చిట్లగొడుతూ పోతోంది, హ్యాండిలు చేతుల్లో బతికిన చేపలాగ కొట్టుకుంటోంది. అత్త నడుము దగ్గర బ్రేకు ముట్టలేదు. బండ మీద టైరు చేసే చప్పుడు విన్నావా ఎప్పుడైనా? గుడ్డ చించినట్టు ఉంటుంది. ఖాజా మియా పళ్ల మీద చక్రం నేలను తాకిందో లేదో నాకే తెల్వదు. ఆ కింద వాలులో కండ్లలో నీళ్లు, చెవుల్లో గాలి, నోట్లోంచి చిన్నప్పుడు నన్ను కొట్టినప్పుడు వచ్చే కేక. నాకు నలభై ఆరు కాదు, పదహారు. మోరీ కింద తలొంచి దూరి, నాలా గట్టెక్కి, దేవిడీ అంగణంలో ఎండిన హౌజు చుట్టూ ఒక చక్కర్ కొట్టి ఆగాను.

ఆగి నిన్ను తలుచుకున్నాను. అక్క తల మెడ మీదే ఉందా అని. ఉందిగదా? ఈ ఉత్తరం చదువుతున్నావంటే ఉన్నట్టే. చూశావా, నీ ఒట్టుకు పళ్లు లేవు, ఖాజా మియా లాగే.

నేనిచ్చింది నువ్వు పక్కింటికి ఇవ్వొచ్చు, నేను నీ ఒట్టును గుట్టకు ఇవ్వొద్దా?

ఆగయ్య, సర్రున దిగేవాడు


మందమర్రి,
20-4-1979

బామ్మర్ది ఆగయ్యకు కృష్ణయ్య రాసేది.

నేను ఎప్పుడూ ఉత్తరం రాసినవాణ్ని కాదు. మీ అక్కకు తెలియకుండా బొగ్గుగని వర్కుషాపులో కూర్చుని రాస్తున్నాను.

నీ అక్క కడుపునొప్పి అజీర్తి కాదు. దవాఖానలో చూపించాను. గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. తీసేస్తే భయం లేదు, ఆలస్యమైతే ఏమీ చెప్పలేమన్నారు. వచ్చే నెల పద్నాలుగో తేదీ ఆపరేషన్ అన్నారు.

ఆమె ఒప్పుకోవడం లేదు. బతిమాలాను, తిట్టాను. పక్క క్వార్టర్ల ఆడవాళ్లు చెప్పి చూశారు. మొన్న నాకొక్కడికే చెప్పింది. "వాడు నా నెత్తి మీది ఒట్టు తప్పిండు. వాడు తప్పిన నెలల్నే గడ్డ బయటపడ్డది. ఇంగ కత్తి ఏం జేస్తది? కోసినా పోయేదే, కోయకున్నా పోయేదే. వానికి మాత్రం చెప్పకు. చెప్తే వాని పాణం ఊకుంటదా? నా తోటి వాడు గూడ పోతడు" అంది. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. కోపంతో కాదు. అందులో నువ్వు సంతోషంగా ఉన్నావట.

నేను ఒట్టు గిట్టు నమ్మను. కాని ఆమె నమ్ముతుంది, దవాఖానకు పోవాల్సింది ఆమె.

నువ్వు నిజంగా తొక్కావా? నీ మాట విని ఒకసారి మూడు రోజులు అరిచినవాణ్ని. అప్పటి నుంచి నువ్వు ఎండ కాస్తోందన్నా బయటికొచ్చి చూసుకుంటాను. ఈసారి నాకు నిజం కావాలి.

రైలెక్కి రాకు. పిలవకుండా వచ్చావంటే ఆఖరి చూపుకు వచ్చావనుకుని ఆ కాస్త ధైర్యం కూడా వదిలేస్తుంది.

కృష్ణయ్య


లాల్‌దర్వాజా,
27-4-1979

అక్కా,

బావను ఏమీ అనకు. ఆయన నాకు చెప్పాడు. చెప్పకపోతే నేను నిన్ను చంపినవాణ్ని అయ్యేవాణ్ని.

నేను తొక్కలేదు. ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆ ఉత్తరమంతా అబద్ధం. 'ఇది తమాషా కాదు' అని రాద్దామనుకున్నాను. నేను అట్లా రాస్తే అప్పుడే తమాషా మొదలైందనుకుంటావు. అదీ నా బతుకు. ఇన్నేండ్లు నవ్వించి సంపాదించింది ఇదే, ఏడుస్తున్నా ఎవరూ నమ్మరు.

సుందరమ్మ చూసిన రోజు నేను సైకిలు పక్కన నడుస్తున్నాను. ముందు చక్రం రాయి మీద జారితే పట్టుకోవడానికి దాని వెంట నాలుగంగలు ఉరికాను. అప్పుడే రైలొచ్చింది. రైలొస్తే టోపీ ఊపడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటేగదా. లోపల సుందరమ్మ ఉందని నాకేం తెలుసు?

ఖాజా మియాను అడుగు. నీ సంగతి విన్నప్పటి నుంచి, "చలో మందమర్రి, నేనొచ్చి అక్క ముందల చెప్త, ఈ మనిషి అయిదు నెలల సంది మాకు నీళ్లు మోస్తుండు" అని రోజూ ఇంటికొస్తున్నాడు. అంజన్న తన బర్రె నెత్తి మీద చెయ్యి పెడతానంటున్నాడు. దాన్ని కూడా నీ లెక్కలో వేస్తావని నేనే ఆపాను.

నాకు వీళ్లందరికన్నా పెద్ద సాక్షి ఉండింది. నువ్వు ఇచ్చేశావు.

నువ్వు ఒట్టు వేయించుకున్న రోజు నువ్వటు పడుకున్నావు, నేనిటు నల్ల సైకిలు చైను ఊడదీశాను. ఒంటి చేత్తో. అది లేకుంటే ఆ సైకిలు ముందుకు పోదుగదా, మనసైనా అడగదు అనుకున్నాను. దాన్ని గుడ్డలో చుట్టి నీ ట్రంకు పెట్టె అడుగున, పేపరు కింద పెట్టాను. ఊరికి పోయి తీసి చూసి, 'అరే, వీడు మాట మీద నిలబడ్డాడు' అనుకుంటావని. నువ్వేమో 'నాకెందుకురా' అని పక్కింటివాళ్లకు ఇచ్చానన్నావు. నా మాట అంతే విలువైందా అని కడుపు మండింది. ఆ మంటలోనే తొక్కానని రాశాను.

పక్కింటివాళ్లను అడుగు. వాళ్ల సైకిలుకు వేసుకుని ఉంటే, అతుకు దగ్గర ఇత్తడి పిన్ను ఉంటుంది. అది నా చైను. అది మీ ఊళ్లో ఉంటే, నా సైకిలు ఇక్కడ ఎట్లా పోతుంది?

దుకాణం తెరవడం లేదు. లీలమ్మ నన్ను ఏమీ అనడం లేదు. అక్కా, ఆమె ఏమీ అనకపోతే నాకు భయంగా ఉంది.

దవాఖానకు పో. నీ కాళ్లు పట్టుకుంటాను.

ఆగడు


మందమర్రి,
5-5-1979

తమ్ముడు ఆగయ్యకు అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం బావ చదివి వినిపించాడు. అరిచిన ఆ మూడు రోజుల తరువాత ఆయన నా చెవి దగ్గర ఇంతసేపు మాట్లాడడం ఇదే చూశాను.

నేను పక్కింటివాళ్లకు ఇచ్చింది గాజులురా. ఎర్ర లక్క గాజులు. పెట్టెలో పైనే ఉన్నాయి, నువ్వే పెట్టావనుకున్నాను. లీలమ్మ నీకు చెప్పకుండా పెట్టి ఉంటుంది. మీ ఇంట్లో ఒకరు పెట్టేది ఒకరికి తెలియదా?

పెట్టె అడుగు నేను తీయలేదు. అక్కడ నా పెళ్లి చీర ఉంటుంది. దాన్ని మళ్లీ తీసేది నేను పోయినరోజే అని, ముత్తయిదువుగా పోతే అది కప్పి పంపండని బావకు ఎప్పుడో చెప్పి పెట్టాను. కార్తీకంలో మీ ఇంటికి కూడా దాన్ని వెంట తెచ్చుకున్నాను. నువ్వు గుట్ట మీదినుంచి పడ్డావన్న కబురుకు నా ప్రాణం ఎక్కడ పోతుందో అని.

బావ పెట్టె దించాడు. పేపరు తీశాడు. నీ గుడ్డ ఉంది, చైను ఉంది, ఇత్తడి పిన్ను ఉంది. ఇక్కడి ఎండకు రేకు పెట్టె పొయ్యిలాగ కాలి, నువ్వు పూసిన గ్రీసంతా కరిగింది. గుడ్డ దాటింది. చీర దాటింది. అంచు నుంచి కొంగు దాకా నల్లగా పాము పాకినట్టు పాకింది. జరీ మీద కూడా.

నేను ఆ చీర ఒళ్లో వేసుకుని చూశాను. చచ్చిపోయేటప్పుడు కట్టుకుందామని ఇన్నేండ్లు కలరా ఉండలు వేసి దాచిన చీర! "ఈ మరకతోని నేనెట్ల పోదునయ్యా, నలుగురు జూస్తే ఏమంటరు?" అన్నాను. బావ నా మొహంలోకి చూశాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఇంక నవ్వు ఆగలేదు. గడ్డ పట్టుకుని నవ్వాను. పక్కింటామె ఏడుస్తున్నామనుకుని ఉరికొచ్చింది.

తరువాత బావ, "సైకిల్ దుకాణమోనికి చైన్లు కరువా, ఇంకోటి ఏసుకుని ఉండడా? అయినా వాలు దిగెటందుకు చైనెందుకు?" అన్నాడు. నేనేం చెప్పానో విను. నువ్వు ఏ తమాషా చేసినా మర్నాటికల్లా నువ్వే ఎగిరి చెప్పుకుంటావు. కడుపులో ఆగదు నీకు. దీన్ని మాత్రం ఒక్కసారి అడిగి, జవాబు తప్పొచ్చినా నోరు మూసుకున్నావు. నువ్వు గొప్పగా చెప్పుకోనిది ఇదొక్కటే. అందుకే ఇది నిజం.

పద్నాలుగున పోతున్నాను. ఏదైనా అయితే అది డాక్టరు చేతిలోది, నీ చేతిలోది కాదు. నీ చెయ్యి నా నెత్తి మీద ఎట్లా పెట్టావో అట్లానే ఉంది. గుర్తు పెట్టుకో.

ఆ చీర ఎట్లా ఉతకాలో రాయి, ముండాకొడుకా.

చంద్రమ్మ


లాల్‌దర్వాజా,
18-5-1979

అక్కకు వెయ్యి దండాలు, బావకు పూర్తి దండం.

టెలిగ్రాం ఇవ్వమని బావకు ఎవరు చెప్పారు? మా గల్లీకి టెలిగ్రాం వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. టెలిగ్రాం వాడు సైకిలు దిగి నా పేరు చదవగానే లీలమ్మ గడపలోనే కూలబడింది. అది ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు. ఖాజా మియా దగ్గరికి ఉరికాను. ఆయనకూ రాదు, కాని తిప్పి తిప్పి చూశాడు. కోస్తా నుంచి వచ్చి మా వెనకింట్లో దిగిన గుమాస్తా శ్రీహరిరావుగారు ఉన్నారు, ఆయన స్నానాల గదిలో ఉన్నారు. నేను తలుపు కింది సందులోంచి కాగితం లోపలికి తోశాను. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. నేను గోడ పట్టుకున్నాను.

"ఆగయ్యగారూ, సబ్బు కళ్లల్లో పడిందండీ, ఒక్క క్షణం" అన్నారాయన.

అక్కా, ఆ క్షణంలో నేను చేసిన తమాషాలన్నీ నాకు గుర్తొచ్చాయి. నేనింతమందిని ఇట్లా నిలబెట్టానా అని.

తరువాత, "ఆపరేషన్ బాగా జరిగింది, చంద్రమ్మ క్షేమం" అని చదివారు. ఖాజా మియా నన్ను పట్టుకుని ఏడ్చాడు. నేను నవ్వుతున్నాననుకున్నాను, లీలమ్మ చెబితే తెలిసింది, నేనూ ఏడుస్తున్నానట.

గ్రీసు మరకకు కిరసనాయిలు, తరువాత కుంకుడు రసం. జరీకి తగలనియ్యకు. పోదు, నాకు తెలుసు. అయినా ఉతుకు.

పండుకో. లేవకు. బావనే వండనియ్యి.

ఆగయ్య


మందమర్రి,
6-7-1979

తమ్మీ,

రెండు నెలలకు చెయ్యి కలం పట్టింది. కుట్లు ఆరాయి. నడుస్తుంటే కడుపులో ఎవరో కాపురం ఎత్తేసిన ఇల్లులాగ ఖాళీగా ఉంటుంది. ఒక గిన్నె తోమితే కూర్చోవాలి. ఇక్కడ అందరూ ఆకాశం నుంచి స్కైలాబు పడుతుందని కోళ్లు కోసుకుని తింటున్నారు. నాకేమో పత్తెం. అందరూ చచ్చేముందు తింటుంటే నేనొక్కదాన్నే బతకడానికి గంజి తాగుతున్నాను.

చీర ఉతికాను. మరక పోలేదు. నల్లది బూడిద రంగైంది. మళ్లీ పెట్టెలో పెట్టలేదు. ఏడాదికోసారి కట్టుకుంటాను, ఏమైతే అయింది.

సికింద్రాబాద్‌ల లష్కర్ బోనాలు అయినాక లాల్‌దర్వాజా బోనాలకు వస్తున్నాను. అమ్మవారికి మొక్కుకున్నాను. బోనం నా నెత్తి మీద నిలవకపోతే లీలమ్మ ఎత్తుకుంటుంది, నేను పక్కన నడుస్తాను. నువ్వు నాకు నేర్పిన నడకే.

చైను తెస్తున్నాను. నీతో వేరే పని ఉంది.

చంద్రమ్మ


లాల్‌దర్వాజా,
3-8-1979, శుక్రవారం

అక్కకు దండాలు.

నువ్వు రైలెక్కిన దగ్గర నుంచి ఇల్లు బోసిగా ఉంది. బోనాల నాడు నువ్వు ఆ మరక చీర కట్టుకుని గుడి ముందర నిలబడితే, మా గల్లీ ఆడవాళ్లు, "గదేం డిజైను వదినా, కొత్తగొచ్చిందా?" అన్నారు. నువ్వు, "మా తమ్ముడు జేసిండు" అన్నావు. నేను విన్నాను.

మర్నాడు దుకాణంలో నువ్వు చేసిందే నాకు మళ్లీ మళ్లీ కనబడుతోంది. నా చెయ్యి పట్టుకుని నెత్తి మీద పెట్టుకున్నావు. "ఏ చేత్తోని పెట్టినవో గదే చేత్తోని తియ్యి" అన్నావు. తీశాను. నీ జుట్టు ఎంత పలచబడిందో అప్పుడు తెలిసింది. "అయిపాయె. ఇంగ నువ్వు పడ్డా నేను లేపలేను, సూసుకుని దిగు" అని చైను నా ఒళ్లో పడేశావు.

ఈ పొద్దు గుట్ట ఎక్కాను. తొక్కాను. ఈసారి నిజం.

చెప్పుకోవడానికి ఏమీ లేదు. అబద్ధంలో అత్త నడుము దగ్గర బ్రేకు ముట్టలేదని రాశాను. నిజంలో బ్రేకు వదల్లేదు. పొగమంచు లేదు, ముసురు. చార్మినారు కనబడనే లేదు. మోకాళ్లు రెండూ రెండు పాత తలుపుల్లాగ మొత్తుకున్నాయి. ఖాజా మియా పళ్ల దగ్గర నా అంతట నేనే దిగి, సైకిలును నడిపించాను. అంజన్న కింది నుంచి, "అన్నా, ఒట్టు తీసేసిండ్రుగదా, ఇంగెందుకు నడుస్తున్నవ్?" అని అరిచాడు. "కాళ్లకు ఇంకా ఖబర్ రాలేదు" అన్నాను.

ఆఖరి వాలులో మాత్రం ఎక్కాను. పేరు లేని వాలు. గాలి తగిలింది. కేక రాలేదు, దగ్గొచ్చింది. మోరీ దగ్గర రైలు పోతుంటే టోపీ ఊపాను. లోపల సుందరమ్మ ఉంటే చెబుతుంది.

చైను నుంచి ఇంకా కలరా ఉండల వాసనే వస్తోంది. ఖాజా మియా, "గుట్ట మీద పెండ్లి ఇల్లు వాసన ఏంది?" అని వెతికాడు. నేను చెప్పలేదు.

నువ్వు నమ్ముతావో లేదో నాకు తెల్వదు. సాక్షులనెవరినీ పంపను. దిగినాక చైను పట్టుకుని, చెయ్యి కడుక్కోకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను. కింద నా బొటనవేలు ముద్ర ఉంది, నల్లగా. చీర కొంగు తీసి, పక్కపక్కన పెట్టి చూసుకో.

నీ తమ్ముడు